వెనక సీటు మీది కౌది

ఆ కారు పోతేనే తప్ప తన పానానికి సుకం లేదని సౌభాగ్య ఎన్నడో తేల్చుకున్నది. ఊరికె అనుకున్నది కాదు, యాష్టకొచ్చి తేల్చుకున్నది. మస్కి అవతల, కోస్తావాళ్ల వరి క్యాంపుల ఎవరో కొంటమన్నరని తెలిసిన దినం దేవుని ముందట దీపం పెట్టి, "స్వామీ, గీ ఒక్క బేరం ఖాయం చెయ్యి. ఇగ నిన్నేం అడుగ" అని మొక్కింది. యాబై ఏడేండ్ల మనిషి దేవుని దగ్గర ఇగ ఏం అడుగనని మాటిచ్చిందంటే ఎంత ఇసిగి ఉంటదో మీరే అర్థం చేసుకోండ్రి.

అది ఊరికె కారు కాదు, హైబ్రిడ్డు. పెట్రోలు ఇంజన్ ఒకటి, దానికి తోడు వెనక సీటు అవతల పెద్ద బ్యాటరీ ఒకటి. రెండూ కలిసి బండిని నడిపిస్తయి. ఇప్పుడైతే ఎటు చూసినా గసొంటి కార్లే గాని, సౌభాగ్య పెనిమిటి ప్రాణేశ్ దాన్ని తెచ్చిన దినాలల్ల రాయచూరు మొత్తంల గదొక్కటే. హైదరాబాదుల ఒక జిన్నింగు మిల్లు సేటు మోజుపడి కొని, ఏడాదికే మోజు తీరి అమ్మితే, పత్తి దలాలి చేసే ప్రాణేశ్ తెచ్చుకున్నడు. చౌరస్తల ఆపితే ఇంజన్ దానంతటదే బంద్ అయితుండె. పక్కన ఆటోవాళ్లు "ఆగిపోయిందా సేటూ, నూకాల్నా?" అని పాపం దిగొస్తుండ్రి. ప్రాణేశ్ సీట్ల ఎనకకు ఒరిగి "ఆగిపోలే. గది గట్లనే" అంటుండె. ఆ ఒక్క మాట అనెటందుకే ఆయన కారు కొన్నడని సౌభాగ్యకు గట్టి నమ్మకం.

కొన్నేండ్లు బాగనే తిరిగింది. తర్వాత మొదలైంది రంధి. రాయచూరు ఎండ మీకెరికే కద, మనుషులే తట్టుకోలేరు, బ్యాటరీ ఏం తట్టుకుంటది? ఊళ్లె దాన్ని ముట్టుకునే మేస్త్రీ లేడు. బానెట్ ఎత్తి లోపల నారింజ రంగు వైర్లు చూసి, "నక్కో సేటూ, షాక్ కొడ్తది" అని మళ్ల మూసేటోళ్లు. ఏం జరిగినా హైదరాబాదే దిక్కు. మొదటి బ్యాటరీ మార్చిన ఏడు మేడ మీద కట్టుకుందామనుకున్న అర్ర పోయింది. రెండోది మార్చిన ఏడు కాశీ యాత్ర పోయింది. చుట్టాలింట్ల పెండ్లిళ్లకు ఆలస్యంగ పోవుడు, టోయింగు బండి కోసం ఎండల నిలబడుడు, ఇంట్ల ఎవరికి జ్వరమొచ్చినా రాని పరేషాన్ దాని అద్దం మీద ఎర్ర లైటు వెలిగితే వచ్చుడు... అబ్బ, చెప్పుకుంట పోతే ఒడువది.

ఇవన్నీ ఓర్చుకున్నది సౌభాగ్య. ఓర్చుకోలేనిది ఒక్కటే ఉండె, మొదటి బ్యాటరీ పోయిన్నాటి మాట.

ఆనాడు వాళ్లమ్మ రంగవ్వను దేవదుర్గ నుంచి రాయచూరు దవాఖానకు తీసుకొస్తున్నరు. రంగవ్వకు నడుము నొప్పి. కుదుపులకు తక్లీఫు కావద్దని, పాత చీరెలతోని కుట్టిన కౌది ఒకటి వెనక సీటు మీద పరిచింది సౌభాగ్య. సగం తొవ్వకు రాంగనే ఎర్ర లైటు వెలిగి, కారు నిలబడింది. తర్వాత హైదరాబాదుల మేస్త్రీ, "సీటు పక్కన జాలి ఉంటది చూడండ్రి, బ్యాటరీకి గాలి అక్కడికెల్లే పోతది, మూసుకపోవద్దు" అన్నడు. గంతే. ప్రాణేశ్ ఆ మాట పట్టుకున్నడు. "అమ్మా బిడ్డలు కలిసి కౌది కప్పి నా బ్యాటరీని సంపిండ్రు!" అని ఇంట్ల అన్నడు, పత్తి మార్కెట్ గంజ్‌ల తోటి దలాల్ల దగ్గర అన్నడు, పెండ్లి పందిట్ల భోజనాల కాడ అన్నడు. నవ్వుకుంటనే అన్నడు లెండి. నవ్వుకుంట అన్న మాటకు ఎదురు చెప్తే చెప్పినోళ్లదే తప్పైతది, అదొక బాధ.

రంగవ్వ మళ్ల ఆ కారు ఎక్కలేదు. "వద్దు బిడ్డా, నేను కూసుంటే మళ్ల ఏదన్న కాల్తది. మీ ఆయనకు నష్టం" అని ఆటోల పోయేది, బస్సుల పోయేది. కౌది మడిచి సంకల పెట్టుకొని, నడుము పట్టుకొని బస్సు మెట్లు ఎక్కేది. ఇంటి ముందట కారు ఉండంగ, ముసలామె బస్టాండు దిక్కు నడిచిపోతుంటె చూసుడు ఎట్లుంటదో సౌభాగ్యకే ఎరుక. ఆ వెనక సీటు మొత్తం ప్రాణేశ్ పత్తి మచ్చులకే మిగిలింది. కారు తెచ్చిన కాన్నుంచే దినాం గంజ్ నుంచి ఏ బోరెం పత్తి ఎట్లున్నదో చూసెటందుకు గుప్పెడు గుప్పెడు తీసి, కాయితాలల్ల చుట్టి, ఆ సీటు మీద పడేసుకొని మిల్లులకు తిరుగుతుండె. రంగవ్వ పోయినేడాది కాలం చేసింది. ఆమె పోయినంక కూడ ప్రాణేశ్ ఆ మాట ఇడిచిపెట్టలేదు.

ఈ నడుమ ఆయన కండ్లు మసకబారినయి. డాక్టరు బండి నడుపొద్దన్నడు. ఇగ సౌభాగ్య నేర్చుకున్నది. గా వయసుల, గా కారు మీద! ప్రాణేశ్ పక్కన కూసొని, "బ్రేకు మెల్లగ తొక్కు, బ్యాటరీ నింపుకుంటది... ఉరకకు, ఇంజన్ లేస్తది..." అని ఒకటే సతాయింపు. మూడో బ్యాటరీ కూడ ఎండకాలం రాంగనే ఎర్ర లైటు చూపించుడు మొదలుపెట్టినంక సౌభాగ్య ఆఖరి మాట చెప్పేసింది. "అమ్ముతరా? లేకుంటే తాళంచెవి బావిల పడేయాల్నా? రెండిట్ల ఒకటి చెప్పుండ్రి."

గట్ల కుదిరింది మస్కి బేరం. వేసవి పొద్దు ఎక్కకముందే బయలెల్లిండ్రు. పోయేటప్పుడు కారుల, వచ్చేటప్పుడు బస్సుల. ఆ బస్సు సంగతి తలుచుకుంటనే సౌభాగ్య స్టీరింగు పట్టుకున్నది. కిటికి పక్కన సీటు దొరికితె సాలు, కండ్లు మూసుకొని పండుకుంట అనుకున్నది.

సిరివార దాటింది. కవితాళ ఇంక ఇంత దూరం ఉందనంగ, వెలిగింది ఎర్ర లైటు. బండి గుంజుడు తగ్గింది. సౌభాగ్య ఒక యాపచెట్టు కింద ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నది.

"ఏం గాదు, ఏం గాదు" అన్నడు ప్రాణేశ్. "కొంచెంసేపు సల్లబడనీ. ముందట బానెట్‌ల చిన్న బ్యాటరీ వైరు ఒకసారి పీకి పెడితె లైటు ఆరిపోతది. వాళ్ల ముందట వెలగకుంటె సాలు."

సౌభాగ్య బండి దిగింది. నిజం చెప్పాల్నంటే ఆమె కోరుకున్నది కూడ గదే. వాళ్ల ముందట వెలగకుంటె సాలు. తర్వాత వెలిగితె వెలగనీ, అది వాళ్ల కర్మ. గంత ఇసిగిపోయి ఉండె మనిషి.

మేకలు తోలుకపోతున్న ఒకామె ఆగి, "ఏనాయ్తవ్వా?" అని కన్నడల ఏమైందని అడిగింది. "కారు దణివాగ్యద" అన్నది సౌభాగ్య. కారు అలిసిపోయిందంటే ఆమె నవ్వుకుంట పోయింది.

గాలి ఆడనీ అని సౌభాగ్య వెనక తలుపు తెరిచింది. సీటు పక్కన ఆ జాలి కనవడ్డది. ఇన్నేండ్లు తిట్లు తినిపించిన జాలి. ఇంట్ల బట్టల మిషన్ల చిన్న జల్లెడ సంచి ఒకటి ఉంటది కద, బట్టల నూగు అండ్ల నిండితే మిషన్ మొరాయిస్తది, దాన్ని సౌభాగ్యే వారం వారం దులుపుతది. దీనికి కూడ గసొంటిది ఏమన్న ఉంటదేమో అని ఎందుకో అనిపించింది. తాళంచెవి కొసతోని జాలిని ఎత్తింది, ఊడొచ్చింది. లోపల గొట్టమసొంటి సందు. చెయ్యి పెట్టింది. మెత్తగ తగిలింది. గుంజింది.

పత్తి.

మట్టిరంగు పత్తి, దుమ్ముతోని గడ్డకట్టిన పత్తి. ఒక పిడికెడు వచ్చింది, ఇంకో పిడికెడు వచ్చింది. మోచేతి దాక చెయ్యి పెట్టి లోపల ఫ్యాన్ రెక్కల సందులల్లకెల్లి పీకింది, ఇంక వస్తనే ఉన్నది. ఒక చిన్న దిండుకు సరిపోయేటంత తీసి ప్రాణేశ్ చేతుల పెట్టింది.

ఆయనకు కండ్లు సరిగ ఆనవు గాని వేళ్లు మంచిగ పనిచేస్తయి. అలవాటు పోతదా? ఒక పోగు తీసి, రెండు బొటనవేళ్ల నడుమ పట్టి సాగదీసి, తెంపి, మళ్ల సాగదీసి చూసిండు. "మానవి దిక్కుది. పొడుగు పింజ" అన్నడు. ఇంకొకటి సాగదీసిండు. "ఇది మొదటి ఏరుడుది. మంచి మా..."

పోగు అట్లనే పట్టుకొని వెనక సీటు దిక్కు తిరిగిండు.

ఆ సీటు మీద దినాం పడేసిన మచ్చులు. కాయితాలు చినిగి, నూగు లేసి, జాలిలకెల్లి పోయి పోయి, ఇన్నేండ్లు ఆ ఫ్యాన్‌ను బిగబట్టినయి. ఒక్కనాడు పరిచిన కౌది కాదు. పోయిన రెండు బ్యాటరీలూ ప్రాణేశ్ పత్తికే బలైనయి. హైదరాబాదుల మేస్త్రీలు బ్యాటరీ మార్చిండ్రు గాని లోపలి ఫ్యాన్ ఎవరూ ఇప్పి చూడలేదు.

సౌభాగ్య ఆయన మొఖం దిక్కు చూసుకుంట నిలబడ్డది. తప్పు నాదేనని ఇప్పుడంటడు, ఇప్పుడంటడు అని చూసింది. ప్రాణేశ్ ఆ పత్తిని పక్కన కాలువల పడేసి, సీసాల నీళ్లతోని చేతులు కడుక్కొని, "ఎక్కు, ఎండైతున్నది" అన్నడు.

"గంతేనా?"

"మరేంది?"

సౌభాగ్య జాలిని మళ్ల దాని జాగల ఒత్తి పెట్టింది. కొట్లాట పెట్టుకుందామంటె ఒంట్ల ఓపిక లేదు. పోనీ, ఇయ్యాల కారు పోతది, కారుతోటి ఆ మాట కూడ పోతది అని మనసుకు సర్దిచెప్పుకొని ఎక్కింది. బండి స్టార్టైంది. వెనకకెల్లి ఇన్నేండ్ల నుంచి ఇననిది ఒక గుయ్యిమనే చప్పుడు, ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు, ఇనవడ్డది. లైటు మళ్ల వెలగలే.

మస్కి దాటి క్యాంపుకు చేరేసరికి కాలువ పక్కన నీడల నీళ్లు సల్లిన వాకిలి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇల్లు. పెద్దాయన పిచ్చయ్య అరుగు మీదకెల్లి లేచొచ్చిండు. "రండి రండి. ఎండనపడి వచ్చారు. అమ్మాయ్ శ్రావ్యా, మజ్జిగ పట్రామ్మా!" కోడలు మజ్జిగ తెచ్చింది. కొడుకు వీరబాబు కారు చుట్టూ తిరిగి, డోర్లు తీసి మూసి, స్టార్టు బటన్ నొక్కిండు.

"ఏంటండీ, అసలు స్టార్టయిందా?"

"గదే మరి!" అన్నడు ప్రాణేశ్. పదేండ్లు చిన్నగైండు మనిషి. "స్టార్టైంది. ఎక్సిలేటర్ తొక్కి చూడు."

వీరబాబు కాలువ గట్టు దాక తోలి వచ్చిండు. నచ్చింది. వాళ్లమ్మ హనుమాయమ్మకు మోకాళ్ల నొప్పులు, కుదుపులేని మెత్తటి బండి కావాలని వాళ్ల వెతుకులాట. ధర మాటకొచ్చేసరికి పిచ్చయ్య భుజం మీది తువ్వాలు తీసిండు. "ఇంటిల్లిపాదీ ముందు అంకెలు అరుచుకోవడం మాకు అలవాటు లేదండీ. ఎడ్ల బేరాలప్పట్నుంచీ ఇదే పద్ధతి."

"మా గంజ్‌ల ముసలోళ్లది కూడ గిదే పద్ధతి" అని ప్రాణేశ్ చెయ్యి చాపిండు. తువ్వాలు కింద ఇద్దరి చేతులు కలిసినయి, ధర చెప్పుకునుడంత వేళ్లతోనే. పైన తువ్వాలు కదులుతున్నది, పెద్దమనుషులిద్దరూ మొఖాలు రాయి చేసుకొని ఎటో చూస్తున్నరు. ఎవరు ఏ ఏలు పట్టుకున్నరో, ఎవరు ఏది మడిచిండ్రో దేవునికెరుక. ఆఖరికి పిచ్చయ్య నవ్విండు. ప్రాణేశ్ తల ఊపిండు. వీరబాబు బయానా పైసలు తేనీకి లోపలికి పోయిండు.

అయిపోయింది, తండ్రీ, అయిపోయింది అనుకున్నది సౌభాగ్య. పోయి అరుగు మీద కూసున్నది.

గప్పుడు లోపలికెల్లి హనుమాయమ్మ వచ్చింది. గోడ పట్టుకుంట, అడుగుల అడుగేసుకుంట, సంకల మెత్తటి బొంత ఒకటి పెట్టుకొని. "నేనూ ఓసారి కూర్చుని చూస్తానయ్యా" అని వెనక తలుపు తీసి, బొంత సీటు మీద పరుస్తున్నది.

"అయ్యయ్యో, అది పరవకుండ్రమ్మా!" అని కేకేసిండు ప్రాణేశ్. తర్వాత నవ్వు. ఆ నవ్వు సౌభాగ్యకు మంచిగ ఎరుక. "బ్యాటరీకి గాలి ఆడదు. మా ఇంటామె గట్లనే వాళ్లమ్మకు కౌది పరిచి, మొదటి బ్యాటరీని కాల్చి పెట్టింది!"

పిచ్చయ్య నవ్విండు. హనుమాయమ్మ చెయ్యి కాలినట్టు వెనకకు తీసుకున్నది. "అమ్మో, వద్దులే బాబూ. నావల్ల పాడైందంటారు మళ్లీ. నేను ముందే కూర్చుంటాలే" అని బొంత మడిచి మళ్ల సంకల పెట్టుకున్నది.

సౌభాగ్య చూసింది. నోరు మూసుకొని కూసుంటే బయానా వస్తది, కారు పోతది, కిటికి పక్కన సీటు, ఇంటికి పోయి నిద్ర. నోరు తెరిస్తే ఏమైతదో కూడ ఆమెకు బాగ ఎరుక. లేచి నిలబడ్డది.

"పరుచుకోండ్రి పెద్దమ్మా" అన్నది. "బొంతతోని ఏం గాదు. కౌదితోని కూడ ఏం గాలేదు. మా ఆయన పత్తి మచ్చుల నూగు పోయి లోపల ఫ్యాన్‌ను మూసేసింది. ఇయ్యాల పొద్దుగాలనే తొవ్వల నా చేతితోని తీసిన. ఆయన చేతుల పెట్టిన. ఏ ఊరి పత్తో కూడ ఆయనే చెప్పిండు."

వీరబాబు బయానా చేత పట్టుకొని గడపల నిలబడ్డడు.

"అంటే... ఈ బ్యాటరీ కూడా ఇన్నాళ్లూ గాలి లేకుండానే తిరిగిందాండీ?"

"తిరిగింది, నాయినా."

"లైటేమన్నా వెలిగిందా?"

"కవితాళ కాడ వెలిగింది. ఫ్యాన్ సాఫ్ చేసినంక వెలగలే. రేపు వెలుగుతదో లేదో నేను చెప్పలేను."

ప్రాణేశ్ నేల దిక్కు చూస్తున్నడు. వీరబాబు తండ్రి దిక్కు చూసిండు. పిచ్చయ్య తువ్వాలు దులిపి మళ్ల భుజం మీద వేసుకున్నడు. మర్యాద తెలిసిన మనిషి. "భోంచేసి వెళ్లండి చెల్లెమ్మా. కారు సంగతి... ఈ పంట డబ్బు చేతికొచ్చాక మాట్లాడుకుందాం లెండి" అన్నడు. అట్లంటే ఏందో అక్కడున్నోళ్లందరికీ తెలుసు.

హనుమాయమ్మ ఒక్కతే సౌభాగ్య దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. "మీ అమ్మగారు ఎక్కడుంటారమ్మా?"

"లేదండీ. పోయినేడాది కాలం చేసింది."

హనుమాయమ్మ పట్టుకున్న చెయ్యి అన్నం వడ్డించేదాక ఇడువలే.

తిరుగు తొవ్వల నిప్పులసొంటి ఎండ. బస్సు లేదు, కిటికి సీటు లేదు. మళ్ల అదే స్టీరింగు. మస్కి దాటినంక ప్రాణేశ్ నోరు తెరిచిండు.

"నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్."

సౌభాగ్య తొవ్వ చూస్తున్నది.

"అమ్ముదాం అమ్ముదాం అని పానం తిన్నది నువ్వే. కుదిరిన బేరం చెడగొట్టింది నువ్వే."

"అవును. రెండూ నేనే."

ప్రాణేశ్ బ్రేకు మెల్లగ తొక్కు అని గూడ అనలే. కవితాళ వచ్చింది, పోయింది. లైటు వెలగలే. సౌభాగ్య భుజాలు పీకుతున్నయి, కండ్లు మండుతున్నయి. ఇగ ఈ బండికి మళ్ల కాయితాలు చేయించాల్నా, మళ్ల ఎండకాలం దీనితోనే ఎల్లదీయాల్నా అనుకుంటె ఏడుపొచ్చినంత పనైంది. తప్పు చేసిన్నా అని కూడ ఒకసారి అనుకున్నది. చెయ్యలేదని తనకు తనే చెప్పుకున్నది.

సిరివార కాడ గొర్లు అడ్డమొస్తే బండి ఆపింది. ఇంజన్ దానంతటదే బంద్ అయింది. ప్రాణేశ్ కిటికి దిక్కు మొఖం పెట్టి, గొంతుల గొంతుల అన్నడు.

"కౌదిది ఏం తప్పు లేకుండె."

సౌభాగ్యకు ఇనవడ్డది. బాగ ఇనవడ్డది.

"ఏమన్నరు?"

"ఇనలేదా?"

"ఫ్యాన్ చప్పుడు. గట్టిగ చెప్పుండ్రి."

ప్రాణేశ్ ఇటు తిరిగిండు. మసక కండ్లతోని ఆమె మొఖం ఎక్కడుందో వెతుక్కున్నట్టు చూసి, గొర్లకాపరి కూడ తిరిగి చూసేటంత గట్టిగ అన్నడు. "నీ తప్పు లేదు. మీ అమ్మ తప్పు లేదు. నాదే తప్పు. ఇనవడ్డదా?"

"ఇనవడ్డది" అన్నది సౌభాగ్య. చేతులు స్టీరింగు మీదనే ఉన్నయి, కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి, తుడుచుకోలే. "గీ మాట మా అమ్మ ఉన్నప్పుడు అని ఉంటే, ఆమె బస్సు మెట్లు ఎక్కకుంటుండె కద."

గొర్లు దాటిపోయినయి. ఎనక లారీవాడు హారన్ కొడుతున్నడు. సౌభాగ్య బ్రేకు మీదికెల్లి కాలు తీసింది.